చిల్లరలో వచ్చిన అన్నా మే వాంగ్, మా అమ్మాయికి వచ్చిన లెహంగా రోల్: ఏం చెప్పమంటారు?

ప్లేనో_సుధ

అందరికీ నమస్కారం. ప్రశ్న కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మా అమ్మాయికి పదహారేళ్లు. పుట్టింది, పెరిగింది ఇక్కడే టెక్సస్‌లో. తెలుగు అర్థమవుతుంది కానీ మాట్లాడితే మా అత్తగారు నవ్వు ఆపుకోలేరు. నాటకాలంటే పిచ్చి. పోయిన నెల ఇక్కడి కాలేజీ పిల్లలు కొందరు తీస్తున్న షార్ట్ ఫిల్మ్ ఆడిషన్‌కి వెళ్లింది. మందుల షాపులో పనిచేసే అమ్మాయి పాత్ర. రెండు పేజీల డైలాగ్ చెప్పించుకుని, చాలా బాగుంది అని మెచ్చుకుని, ఆ తర్వాత "ఇదే ఇప్పుడు ఇండియన్ యాసలో చెప్పు, షూటింగ్‌కి వచ్చేటప్పుడు మీ ఇంట్లో మెరిసే లెహంగా ఏదైనా ఉంటే తెచ్చుకో" అన్నారట. మందుల షాపులో డ్యూటీకి లెహంగా ఎవరు వేసుకెళ్తారో నాకైతే తెలియదు. పిల్లకి ఏం చెప్పాలో తోచక నవ్వేసి వచ్చింది. రోల్ నీదే అన్నారు, ఆదివారంలోగా జవాబు చెప్పాలి.

ఈలోగా మొన్న కిరాణా షాపులో చిల్లర ఇచ్చారు. అందులో ఒక క్వార్టర్, అంటే పావు డాలర్ నాణెం, కొత్తగా కనిపించింది. వెనక వైపు ఒకావిడ, నుదుటి మీదకి కత్తిరించిన జుట్టు, చేతి మీద తల ఆనించుకుని ఉంది, చుట్టూ సినిమా హాలు బోర్డుకి ఉండే బల్బులు. పేరు అన్నా మే వాంగ్, చైనా మూలాలున్న పాత హాలీవుడ్ నటి. 2022లో వేసిన నాణెం. అమెరికా డబ్బు మీదకి ఎక్కిన మొదటి ఆసియా మూలాల అమెరికన్ ఈవిడేనట. ఇన్నేళ్లుగా ఇక్కడ ఉంటున్నా నాకు ఆ పేరే తెలియదు. మా పిల్ల మాత్రం దొరికినదల్లా చదివి, చూసి, నిన్న రాత్రి గిన్నెలు కడుగుతుంటే వచ్చి అడిగింది: "ఈవిడ సినిమావాళ్లు ఇచ్చిన డ్రెస్సులే వేసుకుంది, చచ్చిపోమంటే సినిమా సినిమాకీ చచ్చిపోయింది, మరి నాణెం మీద ఎందుకు వేశారమ్మా? నేను ఆ లెహంగా వేసుకుంటే తప్పా, వద్దంటే తప్పా?"

నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసుకునే మనిషిని. సినిమాల గురించి, బట్టల గురించి తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారు కదా, చెప్పండి.

పాతరీలు_బెజవాడ

సుధ గారూ, మంచి మనిషినే పట్టుకుంది మీ అమ్మాయి. రిటైరయ్యాక నేను పాత మూకీలే చూస్తున్నాను, మా ఆవిడకి అదొక తలనొప్పి. తెలిసినంత చెప్తాను.

ఆవిడ 1905లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టింది. అసలు పేరు వాంగ్ ల్యూ త్సోంగ్. వాళ్ల నాన్నది లాండ్రీ. ఉతికిన బట్టల మూటలు ఇళ్లకి చేర్చడం పిల్లల పని. ఆ టిప్పులతో, బడి ఎగ్గొట్టి మరీ సినిమాలు చూసేదట. 1919లో చైనా వాళ్ల గుంపు కావాల్సిన సినిమా ఒకటి తీస్తుంటే లాంతరు పట్టుకుని నడిచే కొన్ని వందల మందిలో ఒకతిగా మొదలుపెట్టింది. మూడేళ్లకి, పదిహేడేళ్ల వయసులో హీరోయిన్, అదీ రంగుల సినిమా, 1922లో! అందులోనూ చివరికి సముద్రంలోకి వెళ్లిపోయి చచ్చిపోవాల్సిందే. అక్కడ మొదలైంది. ప్రేమించిన తెల్లవాడి కోసం చచ్చిపోవడం, లేకపోతే విషం పెట్టే దుర్మార్గురాలు, దాసి, గూఢచారి. నా సమాధి మీద "వెయ్యి చావులు చచ్చింది" అని రాయండి అని ఆవిడే జోక్ వేసేదని చెప్తారు.

1931లో తీసిన ఒక సినిమాలో విలన్‌ది చైనావాడి పాత్ర. వేసింది స్వీడన్‌లో పుట్టిన వార్నర్ ఓలాండ్. తెర మీద కనిపించేది ఇరవై మూడు నిమిషాలు, తీసుకుంది 12,000 డాలర్లు. కథంతా మోసిన కూతురి పాత్ర అన్నా మే వాంగ్‌ది, ఇచ్చింది 6,000.

తర్వాతి ఏడాది ఫిబ్రవరిలో "షాంఘై ఎక్స్‌ప్రెస్" వచ్చింది, హాలీవుడ్ స్టార్ మార్లిన్ డీట్రిచ్‌తో కలిసి వేసింది. అదే నెలలో ఇక్కడ మన మొదటి టాకీ "భక్త ప్రహ్లాద" విడుదలైంది, లీలావతిగా సురభి కమలాబాయి. ఈ రెండూ ఒకే నెలలో రావడం నాకెందుకో భలే అనిపిస్తుంది, దానికీ దీనికీ సంబంధం ఏమీ లేదు, ఊరికే చెప్పాను.

మీ అమ్మాయికి చెప్పాల్సిన అసలు సంగతి 1935ది. పెర్ల్ బక్ నవల "గుడ్ ఎర్త్"ని ఎం.జి.ఎం. వాళ్లు సినిమాగా తీయబోయారు. చైనా రైతు కుటుంబం కథ. ఆ రైతు భార్య ఓ-లాన్ పాత్ర ఈవిడకి రావాలని చాలామంది అనుకున్నారు, ఈవిడా ఆశపడింది. కానీ భర్త పాత్రకి పాల్ మునీని తీసుకున్నారు, ఆయన తెల్లవాడు. తెల్లవాడూ చైనా మనిషీ భార్యాభర్తలుగా కనిపిస్తే అప్పటి సెన్సారు నియమాలు ఒప్పుకోవు. ఆయన చైనావాడిగా మేకప్ వేసుకుంటే తప్పులేదు, ఆయన పక్కన నిజంగా చైనా మూలాలున్న మనిషి ఉంటే తప్పు! ఓ-లాన్ పాత్ర లూయిజ్ రైనర్‌కి వెళ్లింది, ఆస్కార్ కూడా వచ్చింది. ఈవిడని మాత్రం లోటస్ అనే ఉంపుడుగత్తె పాత్రకి పిలిచారు. పాత్రలన్నీ చైనావాళ్లవి, వేసేది అమెరికన్లు, అందులో జనం అసహ్యించుకునే ఒక్క పాత్ర మాత్రం చైనా రక్తమున్న నన్ను వేయమంటారా అని ఆవిడ వద్దంది.

కాబట్టి ఇచ్చినవన్నీ వేసింది అనడం సరికాదు. చాలా వేసింది. ఒకచోట ఆగింది.

గోంగూర_గ్యాంగ్

లెహంగా వేసుకుని దగ్గు మందు అమ్మితే జనం దగ్గు మర్చిపోతారు కదా, అందుకేమో 😀 సారీ సుధక్కా, ఉండబట్టలేకపోయాను.

కత్తెర_కళ్యాణి

బెజవాడ బాబాయి గారు సినిమాలు చెప్పారు, నేను బట్టలు చెప్తాను. కూకట్‌పల్లిలో నాది చిన్న బొటీక్, కుట్టేది నేనూ ఇంకో ఇద్దరూ. ఫ్యాషన్ డిజైనింగ్ చదివేటప్పుడు ఈవిడ గౌను ఒకటి మాకు స్లైడ్‌లో చూపించారు, ఇప్పటికీ కళ్లలోంచి పోలేదు.

1934లో "లైమ్‌హౌస్ బ్లూస్" సినిమాకి ట్రావిస్ బాంటన్ అనే డిజైనర్ చేసిన నల్ల గౌను అది. ఒంటికి అతుక్కుని కిందకి జారి వెనకాల నేల మీద పాకుతుంది. దాని మీద బంగారు, వెండి చమ్కీలతో పెద్ద డ్రాగన్. పని చూస్తే దణ్ణం పెట్టాలి. కానీ కుట్టేవాళ్ల కంటితో చూడండి: అది చైనా బట్ట కానే కాదు, హాలీవుడ్ సాయంత్రపు గౌను. "ఈమె చైనా మనిషి" అని దూరం నుంచి కనపడేలా డ్రాగన్ అంటించారు, అంతే. మీ అమ్మాయిని లెహంగా తెమ్మన్నారే, అదీ ఆ డ్రాగనే.

ఇప్పుడు ఆవిడ సొంతంగా వేసుకున్న బట్టలు చూడండి. 1920లలో మామూలు అమెరికా ఆడపిల్ల ఎలా ఉండేదో అలాగే, పొట్టి గౌన్లు, తలకి అతుక్కునే టోపీలు. 1934లో న్యూయార్క్ మోడళ్ల సంఘం ఒకటి ప్రపంచంలోకెల్లా బాగా బట్టలు వేసుకునే ఆడమనిషి అని ఈవిడకే బిరుదు ఇచ్చింది. 1936లో చైనా వెళ్లింది, అక్కడ దర్జీల చేత చోంగ్‌సామ్‌లు కుట్టించుకుని తెచ్చుకుంది. తర్వాత తీసిన ఫోటోల్లో అవే ఎక్కువ. చోంగ్‌సామ్ అంటే తెలుసుగా, నిలువు కాలరు, మెడ దగ్గర నుంచి చంక వైపు ఏటవాలుగా ముడి గుండీలు, పక్కన చీలిక. చూసేవాళ్లు అదేదో వేల ఏళ్ల నాటి బట్ట అనుకుంటారు. కాదు. 1920లు, 30ల్లో షాంఘై ఆడవాళ్లు ఆఫీసుకి, సినిమాకి వేసుకున్న కొత్త ఫ్యాషన్, అప్పటి మోడర్న్ డ్రెస్సు. ఆవిడ తెచ్చుకున్నది అప్పటి చైనా ఆడవాళ్లు నిజంగా వేసుకుంటున్న బట్ట. నాకు అందులో తేడా కనపడుతుంది: ఒకటి ఆవిడకి వేసింది, ఇంకొకటి ఆవిడ వేసుకున్నది.

ఇంకోటి, ఇది చదివినప్పుడు నేను మిషన్ ఆపేసి కూర్చున్నాను. 1938లో, జపాన్ చైనా మీద పడ్డాక, ఆవిడ సినిమా కాస్ట్యూములు వేలం వేసి ఆ డబ్బు చైనాకి సాయంగా ఇచ్చేసింది. ఆ డ్రాగన్ గౌను మాత్రం 1956లో మ్యూజియంకి ఇచ్చింది, ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. సుధ గారూ, అక్కడికి ఎప్పుడైనా వెళ్తే, అది ప్రదర్శనలో ఉంటే, చంక దగ్గర కుట్టు ఎలా దాచాడో ఒక ఫోటో తీసి పంపండి, ప్లీజ్.

ప్లేనో_సుధ

కళ్యాణి గారూ, మీ రిప్లై ఇద్దరం కలిసి చదువుకున్నాం. చదివి వినిపించాల్సి వచ్చింది, తెలుగు చదవడం దానికి రాదు. "వేసింది, వేసుకున్నది" దగ్గర తేడా ఏంటో అర్థం కాక మళ్లీ చదవమంది. ఇంగ్లీషులో చెప్పబోతే నాకే రాలేదు.

దాని ఇంకో ప్రశ్న: చైనా వెళ్లినప్పుడు అక్కడివాళ్లు సొంత మనిషిలా చూసుకున్నారా? మేం ఇండియా వచ్చినప్పుడల్లా పెళ్లిళ్లలో దీన్ని "అమెరికా పిల్ల" అనే పిలుస్తారు. అందుకని అడుగుతోంది.

పాతరీలు_బెజవాడ

లేదమ్మా. షాంఘైలో విందులూ అవీ జరిగాయి గానీ, హాంకాంగ్‌లో దిగేటప్పుడు గుమిగూడిన జనం ఒక దశలో ఎదురు తిరిగారు, చైనా పరువు తీసినదాన్ని దిగనివ్వొద్దని అరిచారు. పత్రికలవాళ్లు ఆ పాత్రలు ఎందుకు వేశావని నిలదీశారు. వేయకపోతే ఇంకెవరో వేస్తారు, రోల్స్ ఎంచుకునే వీలు నాకు లేదు అన్నట్టు చెప్పుకుంది. పైగా ఆవిడకి వచ్చింది ఇంట్లో మాట్లాడుకునే దక్షిణ చైనా భాష. ఉత్తర చైనా భాష రాదు, అక్కడికి వెళ్లి నేర్చుకోబోయింది. చైనా వాళ్లకేమో మరీ అమెరికాదానిలా కనిపిస్తాను, అమెరికా నిర్మాతలేమో చైనా పాత్రలకి వేరేవాళ్లని పెట్టుకుంటారు, రెండు చోట్లా కాదనిపించుకోవడం బాధగానే ఉంటుంది అని అప్పట్లోనే అంది. 1943లో అప్పటి చైనా అధినేత చియాంగ్ కై షేక్ భార్య హాలీవుడ్ బౌల్‌లో సభ పెట్టినప్పుడు, చైనా కోసం అన్నేళ్లు చందాలు పోగుచేసిన ఈ మనిషిని వేదిక మీదకి పిలవలేదు.

వాళ్ల నాన్న మాత్రం అప్పటికే సొంతూరు వెళ్లిపోయి ఉన్నాడు. ఆవిడ ఆ ఊరు వెళ్లి నాన్నని చూసింది.

ఎడిసన్_రావు

నా అభిప్రాయం నచ్చకపోవచ్చు. రోల్ ఒప్పుకోమనండి. ఏంటండీ పదహారేళ్ల పిల్లకి ఒక షార్ట్ ఫిల్మ్, ఇంత ఆలోచన! కెమెరా ముందు నిలబడ్డం వస్తుంది, నలుగురు తెలుస్తారు. అన్నా మే వాంగ్ మొదట్లోనే అన్నీ వద్దని కూర్చుంటే, ఆ 1935లో వద్దన్నప్పుడు పట్టించుకునేవాడు ఉండేవాడా? వద్దనడానికి కూడా ఒక స్థాయి ఉండాలి. ఆ స్థాయి ఆ చావుల పాత్రలతోనే వచ్చింది.

ఇంకో మాట. నేను హెచ్1 వీసా మీద పదకొండేళ్లుగా ఉన్నాను. ఇండియా వెళ్లాలంటే వీసా స్టాంపింగ్ టెన్షన్‌తో నెల ముందు నుంచి నిద్ర ఉండదు. ఈ థ్రెడ్ చూసి ఆవిడ గురించి వెతికితే ఒక సంగతి కనపడింది. ఆవిడ పుట్టింది అమెరికాలో, వాళ్ల నాన్న పుట్టిందీ అమెరికాలోనే. అయినా దేశం దాటి బయటికి వెళ్లాలంటే ప్రతిసారీ ముందుగా ఒక ఫారం నింపాలి, 430 నంబరుది. దాని పేరులోనే ఉంటుంది, "అమెరికా పౌరుడినని చెప్పుకుంటున్న చైనా జాతివాడి దరఖాస్తు" అని. చెప్పుకుంటున్నట! చైనా వాళ్లని రానివ్వకూడదని 1882లో చేసిన చట్టం 1943 దాకా ఉంది, దాని వల్ల. బెర్లిన్‌లో, లండన్‌లో పెద్ద స్టార్, ఇంటికి తిరిగి రావాలంటే ఆఫీసర్ ప్రశ్నలకి జవాబు చెప్పాలి. నాకు సిటిజన్‌షిప్ లేదు కాబట్టి నా టెన్షన్‌కి ఒక అర్థం ఉంది. ఆవిడకి ఏం తక్కువైందని?

అది చదివాక నేను పైన రాసింది తీసేద్దామనుకున్నాను. ఉండనివ్వండి. ఇప్పటికీ ఒప్పుకోమనే అంటాను, కానీ అంత గట్టిగా కాదు.

చికాగో_చిన్ని

సుధ ఆంటీ, నా తెలుగులో తప్పులుంటే క్షమించండి, ఆరేళ్ల వయసులో ఇక్కడికి వచ్చాను, అమ్మమ్మతో ఫోన్ మాట్లాడి నిలబెట్టుకున్న తెలుగు ఇది. ఇప్పుడు ఇరవై ఎనిమిది. పగలు ఉద్యోగం, సాయంత్రాలు చిన్న చిన్న థియేటర్లలో నటిస్తాను.

మీ అమ్మాయిని అడిగారే, ఆ యాస నన్ను ఎన్నిసార్లు అడిగారో లెక్క లేదు. మొదటిసారి చేశాను. చేసింది మా నాన్న యాస. ఆయన ఇరవై ఏళ్లుగా ఈ దేశంలో ఆ యాసతోనే ఇల్లు కొని, మమ్మల్ని చదివించి, డాక్టర్‌తో మాట్లాడి, ట్రాఫిక్ టికెట్ మీద వాదించి గెలిచాడు. దాన్నే స్టేజీ మీద చేస్తే రెండో లైన్‌కే నవ్వారు. జోక్ ఇంకా చెప్పనే లేదు. ఆ రోజు నాన్న మూడో వరసలో కూర్చుని ఉన్నారు. ఆయన కూడా నవ్వారు, నాకు తెలిసి నన్ను బాధపెట్టకూడదని. కార్లో ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు.

అన్నా మే వాంగ్‌కి దీనికి తలకిందుల సంగతి ఒకటి జరిగింది. 1929లో లండన్‌లో నాటకం వేసింది, పక్కన అప్పటికింకా కుర్రాడైన నటుడు లారెన్స్ ఒలీవియర్. అప్పటిదాకా మూకీలు కాబట్టి ఆ మొహం వెనక గొంతు ఎలా ఉంటుందో చాలామందికి తెలియదు. తీరా నోరు తెరిస్తే చక్కని కాలిఫోర్నియా ఇంగ్లీషు. విమర్శకులకి నచ్చలేదు, ఆ చైనా బొమ్మలోంచి అమెరికా పిల్ల మాట్లాడుతోందని ఎద్దేవా చేశారు. ఆవిడ చేసింది ఏంటంటే, డబ్బు పెట్టి టీచర్‌ని పెట్టుకుని బ్రిటిష్ ఇంగ్లీషు నేర్చుకుంది. జర్మన్ అప్పటికే నేర్చుకుంటోంది, వియన్నాలో స్టేజీ మీద ఆ భాషలో పాడి మెప్పించింది. అందుకే "షాంఘై ఎక్స్‌ప్రెస్"లో ఆవిడ తక్కువ మాట్లాడినా ఆ గొంతు వినండి. చైనా యాస అని ఎవరో ఊహించుకున్న వంకర మాట అందులో ఉండదు. నిదానంగా, కింది స్థాయిలో, ఎవరి అనుమతీ అక్కర్లేనట్టు మాట్లాడుతుంది.

రావు అంకుల్ చెప్పినదాంట్లో నిజం ఉంది, అన్నీ వద్దంటే పని దొరకదు, నేనూ అద్దె కట్టాలి. కానీ ఒప్పుకోవడం, వద్దనడం రెండే దార్లు కాదు. నేను ఇప్పుడు చేసేది ఇది: ప్రశ్న తిరిగి వాళ్లకే వేస్తాను. "ఈమె ఏ ఊరి నుంచి వచ్చింది? ఎన్నేళ్లయింది? ఇంట్లో ఏ భాష?" అని. హైదరాబాద్ నుంచి రెండేళ్ల క్రితం వచ్చింది అంటే సరే, హైదరాబాద్ యాస చేస్తాను, అది పాత్ర. జవాబు లేకపోతే, అంటే "ఊరికే ఇండియన్‌గా" అంటే, అది పాత్ర కాదు, డ్రాగన్ గౌను (కళ్యాణి ఆంటీ మాట దొంగిలించాను). అప్పుడు నా గొంతుతోనే చేస్తానంటాను. సగంమంది సరే అంటారు, నిజంగా. వాళ్లు చెడ్డవాళ్లు కాదు, ఆలోచించలేదు అంతే. మిగతా సగం ఫోన్ చేయరు.

అన్నట్టు 1937 నుంచి రెండు మూడేళ్లు ఆవిడ చిన్న బడ్జెట్ సినిమాలు చేసింది. వాటిలో ఒకదాంట్లో సర్జన్, ఇంకోదాంట్లో నేరస్థుల్ని పట్టించే హీరోయిన్, చివరికి బతుకుతుంది కూడా! మీ అమ్మాయికి చావుల సినిమాలు ఆపి "డాటర్ ఆఫ్ షాంఘై" చూపించండి. గంటే.

పాతరీలు_బెజవాడ

చిన్నమ్మా, నీ తెలుగులో తప్పులు నాకేం కనపడలేదు. మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పు.

1951లో టీవీలో ఆవిడ పేరు మీదే ఒక సీరియల్ కూడా వచ్చింది, ఆర్ట్ గ్యాలరీ నడుపుతూ నేరాలు ఛేదించే ఆవిడ పాత్ర. పాత్రకి పెట్టిన పేరు మేడమ్ ల్యూ త్సోంగ్, సొంత పేరే. ఒక్క ఎపిసోడ్ కూడా మిగల్లేదు. నాలాంటివాడికి అంతకంటే ఏడుపు లేదు. ఆవిడ 1961లో పోయింది, యాభై ఆరేళ్లకే, గుండెపోటుతో.

ప్లేనో_సుధ

అప్‌డేట్. శనివారం రాత్రి ఇద్దరం "డాటర్ ఆఫ్ షాంఘై" చూశాం. మా ఆయన నిద్రపోతాననుకుని కూర్చుని మొత్తం చూశారు.

తర్వాత మా అమ్మాయి వాళ్లకి మెయిల్ రాసింది, నాకు చూపించి పంపింది. చిన్ని చెప్పిన మూడు ప్రశ్నలూ అడిగింది. నాలుగోది అదే కలిపింది: "మందుల షాపులో తెల్ల కోటు వేసుకుంటారు కదా, నాకూ అది ఇస్తారా?" నేనైతే చివరి లైన్ కొట్టేయమన్నాను, కోపంగా ఉందని. ఉంచింది.

ఆదివారం అయిపోయింది, ఈరోజు మంగళవారం, ఇంకా జవాబు రాలేదు. గంటకోసారి ఫోన్ చూసుకుంటోంది, చూడనట్టు నటిస్తోంది, అందులో మాత్రం ఇంకా ప్రాక్టీస్ కావాలి. రావు గారూ, మీ మాట కూడా చెప్పాను, "ఆ అంకుల్ చెప్పింది కూడా కరెక్టే" అంది.

కళ్యాణి గారూ, ఒక పని. స్కూలు డ్యాన్స్‌కి డ్రెస్సు కావాలట. లెహంగా వద్దు, గౌనూ వద్దు. మా అమ్మ పాత మంగళగిరి చీర ఒకటి ఉంది, ముదురు ఆకుపచ్చ, అంచు ఇంకా గట్టిగానే ఉంది. దానితో నిలువు కాలరు పెట్టి, ఏటవాలు గుండీలతో ఏదో బొమ్మ గీసింది, అది చైనాదో మనదో నాకు తెలియట్లేదు. చీర పాడవకుండా కుట్టొచ్చా? వీలైతే కొలతలు ఎలా తీయాలో చెప్పండి, మెడ దగ్గర ఎంత వదలాలో ముఖ్యంగా.